జీవాలు పట్టే పిల్లోడు

గార్మెంట్స్‌లో షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి కాళ్ళు పీక్కుపోతుంటాయి. నిన్న కూడా అట్లాగే వచ్చి, చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని కూలబడ్డాను. నా కొడుకు మంచం మీద బోర్లా పడుకుని ఫోన్ చూస్తున్నాడు. స్నానం లేదు, పుస్తకం లేదు. తిట్టడానికి కూడా ఓపిక లేక కళ్ళు మూసుకున్నాను. ఫోన్‌లోంచి ఒక పిల్లాడు హిందీలో అరుస్తున్నాడు, అందరికంటే పెద్ద మొనగాణ్ణి అయ్యేదాకా వెనక్కి తిరిగేదే లేదని.

కళ్ళు తెరిచి చూశాను. టోపీ, భుజాన సంచి, చేతిలో బంతి. నేను చిన్నప్పుడు మా ఊళ్ళో చూసిన బొమ్మల సీరియల్ పిల్లాడే. అప్పుడూ పదేళ్ళే, ఇప్పుడూ పదేళ్ళే. నాకు చెంపలు నెరుస్తున్నాయి, వాడికి మీసం కూడా రాలేదు. ఊరూరా తిరుగుతూ వింత జంతువులను పట్టుకోవడం, వాటిని మచ్చిక చేసుకోవడం, ఎదుటివాడి జంతువులతో పోటీకి దింపడం, ఓడిపోవడం, మళ్ళీ బయలుదేరడం. ఇన్నేళ్ళయినా వాడి పని అదే.

నాకు ఆశ్చర్యమేసింది వాడి వయసుకు కాదు, వాడి మాటకు. మా మిషన్ల వరసలో సగం మంది ఉత్తరాది ఆడపిల్లలు. వాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ నాకు హిందీ వచ్చేసింది. ఇన్నేళ్ళ తర్వాత ఆ పిల్లాడి మాట మొదటిసారి నా చెవులతో నేను అర్థం చేసుకున్నాను. మేం ఎరిగిన ఆ పిల్లాడు ఇట్లా ఎప్పుడూ అనలేదు. మా ఊరి టీవీలో వాడు అనేది ఒకటే, "ఈ ఒక్క యాడాదే. మళ్ళా ఇంటికి పోతా."

వాడు అట్లా అంటున్నాడని మాకు చెప్పింది పరుపులత్త.

మా ఊరికి కంబదూరులో బస్సు దిగి నడిచి పోవాలి. పరుపులత్త ఇల్లు ఊరి మొదట్లోనే. ఆమె మొగుడు సైకిలు మీద ఊళ్ళు తిరిగి దూది ఏకి పరుపులూ దిండ్లూ కుట్టేవాడు. అందుకే ఆమె ఊరందరికీ పరుపులత్త. బళ్ళారి నుంచి ఎవరో వాడి వదిలేసిన కలర్ టీవీ తెచ్చుకుని, ఊళ్ళో అందరికంటే ముందు కేబుల్ వైరు లాగించుకున్నారు వాళ్ళు. ఆ ఇంట్లో ఎప్పుడూ కొత్త దూది వాసన, దాని మీద వేయించిన ఉల్లిగడ్డ వాసన. టీవీ వెలుగులో దూది పింజలు ఎగురుతుండేవి. సాయంత్రం చూసి ఇంటికి పోతే మా తలల నిండా దూదే. "ముసలిదానివైపోయినావే" అని మా జేజి, అదే మా నాయనమ్మ, నా జడ దులిపేది. అత్త బొరుగుల్లో కారం, పప్పులు, నాలుగు శెనక్కాయ గింజలు కలిపి చాటలో పోసి మధ్యలో పెట్టేది. ఆ గింజల కోసం కొట్టుకునేవాళ్ళం.

మొదటిరోజు ఆ సీరియల్ మొదలైతే మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మా బడిలో హిందీ సారు ఉద్యోగం ఎప్పటినుంచో ఖాళీ. ఉన్న ఒక్క హిందీ పుస్తకంలో బొమ్మలకు మీసాలు దిద్దడం తప్ప మాకేం రాదు. మా అన్నే అడిగాడు.

"అత్తా, మీరు సాయిబులు గదా. మీకు హిందీ వస్తాది గదా. ఏమంటాండాడో చెప్పు."

దూదేకుల వాళ్ళు ఇంట్లో మాట్లాడేది మా తెలుగే. నమాజులో చదివే నాలుగు అరబ్బీ మాటలు వచ్చు గానీ ఆమెకు ఉర్దూ ముక్క రాదు, హిందీ సంగతి సరేసరి. ఊరికి ఆ తేడా తెలియదు. సాయిబులంటే తురక మాట, తురక మాటంటే హిందీ, మా ఊరి లెక్క అంతే. ఆమె కాదనొచ్చు. కానీ మా ఊళ్ళో ఆ ఇంటివాళ్ళను ఎవరైనా ఏదైనా తెలుసని అడగడం అదే మొదలనుకుంటాను. చేతికంటిన దూది చీరకు తుడుచుకుని, టీవీ వైపు కాసేపు చూసి చెప్పింది.

"ఆ పిల్లోడు జీవాలు పట్టను పోతాండాడప్పా."

మా వైపు జీవాలంటే గొర్రెలూ మేకలూ. వేరే అర్థం లేదు. ఆ ఒక్క మాటతో ఆ సీరియల్ మా ఊరిదైపోయింది. నిప్పు కక్కేదీ, నీళ్ళు చిమ్మేదీ, రెక్కలున్నదీ, అన్నీ జీవాలే. బంతి విసిరితే జంతువు అందులోకి పోవడం మాకు వింత కాలేదు, గొర్రెపిల్లలను పగలు గంప కింద మూసిపెట్టడం మేం రోజూ చూసేదే. "గంపలోకి తోలినాడు" అనేది అత్త. చిన్న జంతువు వెలుగులో మెరిసి పెద్దదిగా మారిపోతే పక్క ఊళ్ళ పిల్లలు మాయ అనుకున్నారేమో. అత్త మాత్రం, "పాలపండ్లు పోయి రెండు పండ్లేసినాది" అని చెప్పేది. గొర్రె వయసు నోట్లో పండ్లను బట్టే కదా చెప్తారు. మాకు సరిగ్గా సరిపోయింది. పోటీలంటే పొట్టేళ్ళ పందేలు. జంతువు మాట వినకుండా మొండికేస్తే, "సరిగ్గా మేపిండడు, యాల వింటాది?" అని తీర్పు చెప్పేది. మధ్యలో కరెంటు పోతే వేరే ఊళ్ళో కథ ఆగిపోయేది. మా ఊళ్ళో ఆగేది కాదు. అత్త చీకట్లోనే పందెం చివరిదాకా చెప్పి, ఎవరు గెలిచారో తేల్చి పంపేది. మర్నాడు టీవీలో ఇంకోలా ఉంటే, "రాత్రికి రాత్రి మళ్ళీ ఆడినారు" అనేది.

మా జేజి ఒకటి రెండు సార్లు వచ్చి కూచుంది. పందేలు ఆమెకు పట్టలేదు.

"ఏందే ఇది, పాలుగారే పిల్లోన్ని జీతానికి పెట్టినారు? వాళ్ళమ్మ యాడుండాది?" అంది.

"ఇంట్లోనే ఉండాది జేజీ. నవ్వుకుంటా పంపిచ్చినాది" అన్నాను నేను.

"నవ్వుకుంటానా? థూ. మొగుడు కొట్టింటాడు, ఏడ్చలేక నవ్వింటాది."

ఆ తర్వాత జేజి మళ్ళీ ఆ సీరియల్ చూడలేదు, చూసిన మమ్మల్ని తిట్టడం మాత్రం మానలేదు.

తిట్టడానికి ఆమెకు కారణాలు ఉన్నాయిలెండి. ఆమె గంప ఎత్తుకుపోయి పక్కింటి పెట్ట మీదికి విసిరి, "పట్టినా, పట్టినా" అని అరిచింది మేమే. పొదుగుతున్న పెట్ట ఊరంతా పరిగెత్తింది, గుడ్లు పగిలాయి. మా అన్న తొండను పట్టి డబ్బాలో పెట్టి, ఇంకో వీధి పిల్లాడి తొండతో పందెం కట్టాడు. రెండూ కదల్లేదు. ఎండలో రెండు తొండలూ, వాటి చుట్టూ పదిమంది పిల్లలం ఊపిరి బిగబట్టి కూచున్నాం. చివరికి అన్నే లేచి, "రెండూ అలిసిపోయినాయి, వదిలేద్దాం" అన్నాడు. అప్పుడు వాడికి పన్నెండు దాటి ఉంటాయి. ఏడో తరగతి పరీక్షలు మంచి మార్కులతో గట్టెక్కినవాడు. లెక్కలు నోటితో చేసేవాడు. మా అమ్మకు వాడి మీద పెద్ద ఆశ.

ఆ ఏడు శెనక్కాయ చెట్టు బాగానే లేచింది. పూత పూసింది. సరిగ్గా ఊడలు భూమిలోకి దిగే సమయానికి వాన మొహం చాటేసింది. నాయన రోజూ పొద్దున్నే చేనికి పోయి ఒక చెట్టు పీకి తెచ్చి గడప మీద పడేసేవాడు. ఒలిస్తే లొట్టలు, లోపల గింజ లేదు. జేజి వాటిని నలిపి చూసి ఏమీ అనేది కాదు. అది చూస్తే నాకు భయమేసేది, ఎందుకంటే జేజి ఏమీ అనకుండా ఉండేది చావింట్లోనే.

అట్లాంటప్పుడు వచ్చాడు మందల పెద్దాయన. కరువు ఏళ్ళలో మా వైపు గొర్రెల మందలు మేత వెతుక్కుంటూ తుంగభద్ర కాలవ కిందికి పోతాయి. వరి కోసిన మళ్ళలో మంద పడుకుంటే ఎరువు. దానికి ఆ రైతులు గింజలిస్తారు. వానలు పడేదాకా తిరిగి రారు. ఆయనకు ఒక పిల్లాడు కావాలి. తిండి, కంబళి, తిరిగొచ్చాక జీతం కింద గొర్రెపిల్లలు.

"వానికి చదువొస్తాది" అంది అమ్మ.

"చదువు యాడికి పోతాది? ఒక్క యాడాదే" అన్నాడు నాయన. "వానలు పడినాయంటే మళ్ళా బడికే. నా మాట ఇది."

"మాట తప్పవు గదా?"

"యాపొద్దన్నా తప్పినానా?"

నిజమే, మా నాయన మాట తప్పడు. పేదవాడికి మిగిలిన గొప్ప అదొక్కటే అని ఆయన నమ్మకం. అమ్మ ఒప్పుకోలేదు. పొయ్యి దగ్గర గిన్నెలు మాట్లాడాయి రెండ్రోజులు.

ఆ సాయంత్రాల్లో ఒకనాడు నాయన మమ్మల్ని పిలవడానికి పరుపులత్త ఇంటికొచ్చి, వాకిట్లో నిలబడి టీవీ చూశాడు. ఎండ, కొండ, సంచి తగిలించుకుని నడుస్తున్న పిల్లాడు. "ఎవడమ్మా వాడు?" అని అడిగాడు. "జీవాలు పట్టే పిల్లోడన్నా" అంది అత్త, అలవాటుగా. నాయన మొహం వెలిగింది. అన్న భుజం మీద చెయ్యి వేసి, "చూడ్రా. నీకన్న చిన్నోడు. పోలేదా వాడు? ఏడుస్తాండాడా ఏమన్నా?" అన్నాడు. అన్న టీవీ వైపే చూస్తూ కూచున్నాడు.

ఆ సంగతి అమ్మకు చేరింది. మర్నాడు అమ్మ అత్త ఇంటి ముందు నిలబడి కడిగిపారేసింది.

"నీ టీవీకి, నీకు ఒక దండం వదినా. నువ్వు చెప్పే కతలు వింటా మా పిల్లోన్ని జీవాలెంబడి తోలుతాండారు. నీ కొడుకైతే చెప్పింటావా ఇట్ల?"

అత్తకు పిల్లలు లేరు. అమ్మ ఆ మాట అన్నాక నాలుక కరుచుకుంది. అత్త చేతిలోని దూదిని పింజలు పింజలుగా విడదీస్తూ కూచుంది.

ఆరోజు సాయంత్రం నాయన మళ్ళీ వచ్చాడు. ఈసారి లోపలికొచ్చి కూచున్నాడు, అన్నకు ఇంకో పాఠం చూపిద్దామని. టీవీలో ఆ పిల్లాడు ఏదో పెద్ద పోటీలో ఓడిపోయి తల వంచుకుని నిలబడ్డాడు. అత్త గొంతు సవరించుకుంది.

"ఏమంటాండాడంటే, నాకు ఈ జీవాలొద్దు, ఈ పందేలొద్దు, నేను బడికి పోయి సదువుకుంటా అంటాండాడు."

పిల్లలం ఒక్కసారిగా అత్త వైపు తిరిగాం. ఇన్నాళ్ళలో వాడు బడి మాట ఎత్తింది లేదు. టీవీలో పిల్లాడు మళ్ళీ సంచి తగిలించుకుని కొండ ఎక్కసాగాడు. "మరి కొండెక్కుతాండాడే?" అన్నాడు ఒకడు.

"బడి ఆ కొండకవతల ఉండాది."

"సంచిలో పుస్తకాలే లేవు గదత్తా?"

"ఆడ ఇస్తారు. మూసుకోని చూడు."

నాయన నవ్వాడు, ఆ నవ్వులో తీపి లేదు. "నీ టీవీ కూడా మా ఇంటిదాని మాటే వింటాది గదమ్మా" అని తువ్వాలు దులుపుకుని లేచాడు. అత్త కళ్ళు దించుకుంది. టీవీలో కొండ దిగితే అవతల బడి లేదు, ఇంకో కొండ ఉంది.

అన్న పోయే రోజు అమ్మ సద్దరొట్టెలు కాల్చి, ఊరుబిండి పచ్చడి నూరి డబ్బాలో కూరింది. ముందురోజు సాయంత్రం అత్త కథలో పందెమే లేదు. ఆ పిల్లాడికి వాళ్ళమ్మ ఫోనులో జాగ్రత్తలు చెప్తోందట. ఉరుములొస్తే చెట్టు కిందికి పోవాకు. కాలవ నీళ్ళు కాచకుండా తాగాకు. పెద్దోళ్ళు తిడితే మనసులో పెట్టుకోవాకు. టీవీలో మాత్రం అప్పుడు సబ్బు ప్రకటన వస్తోంది. అన్న అదంతా తల ఊపుతూ విన్నాడు. పొద్దున్నే గడ్డం కింద దాకా కంబళి కప్పుకుని, తనకంటే పొడుగు కట్టె పట్టుకుని మంద వెనక నడిచాడు. నేను నవ్వాను, ఆ సీరియల్ పిల్లాడిలా ఉన్నాడని. వాడు నవ్వలేదు. దుమ్ము లేచింది, అందులో కలిసిపోయాడు.

వాడు లేని ఆ నెలల్లో అత్త కథలు పాడైపోయాయి. పందేలు గబగబా ముగించేసేది. పిల్లాడు తిన్నాడా, ఎక్కడ పడుకున్నాడు, చలికి కప్పుకున్నాడా, ఇవే. వాడేమంటున్నాడని అడిగితే ఎప్పుడూ ఒకటే చెప్పేది, "ఈ ఒక్క యాడాదే, మళ్ళా ఇంటికి పోతా అంటాండాడు." "ఫైటింగు చెప్పత్తా" అని పిల్లలు గోల చేసేవాళ్ళు. కొందరు మానేశారు. కొన్నాళ్ళకు మా అమ్మ రావడం మొదలుపెట్టింది. చింతపండు చాట ఒళ్ళో పెట్టుకుని గుమ్మం దగ్గర కూచునేది, గింజలు తీసే మనిషిలాగా. ఇద్దరికీ మాటలు లేవు అప్పటికి. ఒకరోజు తల ఎత్తకుండానే అడిగింది.

"వాడు తిన్నాడా ఈ పొద్దు?"

"తిన్నాడు వదినా" అంది అత్త. "సంగటి. బాగా తిన్నాడు."

అమ్మ తల ఊపింది. మా అమ్మ పిచ్చిది కాదు. ఆ టీవీలో పిల్లాడు సంగటి తినడని ఆమెకు తెలుసు. అయినా రోజూ వచ్చి అడిగేది, అత్త రోజూ చెప్పేది. అలసిపోయి ఇంటికొచ్చిన ఇప్పటి నాకు ఆ ఇద్దరూ ఎంత గొప్పవాళ్ళో అర్థమవుతోంది, అప్పుడు మాత్రం ఫైటింగు లేదని ఏడ్చాను.

మృగశిర కార్తెకు ముందే మబ్బులు పట్టాయి. మందలు తిరిగొచ్చాయి. అన్న వాకిట్లో నిలబడితే నేను పోల్చుకోలేదు. నల్లబడ్డాడు, పొడుగయ్యాడు, గొంతు మారింది. అత్త చూసి, "ఏమప్పా, పండ్లేసినావే" అని నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ సాయంత్రం వాణ్ణి చెయ్యి పట్టి లాక్కుపోయాను టీవీకి. వాడు మాతో పాటు నేల మీద కూచోలేదు. మగవాళ్ళు నిలబడేచోట, గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. పిల్లాడు బంతి విసిరాడు, జంతువు దూకింది, పెద్ద పందెం. మేం కేకలు పెట్టాం. అన్న కాసేపు చూసి, "వాని జీవాలకు నీళ్ళెవరు పెడతారత్తా?" అని అడిగాడు.

అత్త టీవీ వైపు చూసింది, వాడి వైపు చూసింది. వాడు చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. తర్వాత ఎన్నడూ ఆ సీరియల్ చూడలేదు.

వాన పడింది. గొప్ప వాన కాదు గానీ విత్తనం పెట్టుకునేంత పడింది. బడులు తెరిచారు. అమ్మ కళ్యాణదుర్గం పోయి అన్నకు యూనిఫారం కోసం నీలం గుడ్డ తెచ్చింది, వాడి కొత్త పొడుగుకు సరిపోయేంత. గుడ్డ వాసన చూసి నవ్వుకుంది. చాలా నెలల తర్వాత ఆమె నవ్వు విన్నాను.

మర్నాడే మందల పెద్దాయన వచ్చాడు. వాకిట్లో మంచం మీద కూచుని మజ్జిగ తాగి, "పిల్లోడు బంగారమప్పా. నా సొంత కొడుకులకు రాని పని వానికొచ్చినాది. ఈ యాడాది కూడా పంపిచ్చు. జీతం పెంచుతా" అన్నాడు. నాయన శెనక్కాయ విత్తనానికే ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి పెట్టాడు. ఈ పంట కూడా పోతే ఏమిటని ఆయన మొహం మీదే రాసి ఉంది. అమ్మ గడపలో నిలబడి, "మాటిచ్చినావు" అంది, మెల్లగా. నాయన బీడీ తీశాడు. ముట్టించలేదు. వేళ్ళ మధ్య తిప్పాడు. నోరు తెరిచాడు.

"నేనే పోనమ్మా బడికి" అన్నాడు అన్న.

అందరం వాడి వైపు చూశాం.

"నాకు సదువు మీద మనసు ల్యాదు. ఆడ కుంటి గొర్రె ఒకటుండాది, నేను పోకుంటే నీళ్ళకు కూడా లేయదు. నేను జీవాల్తోనే పోతా."

లెక్కలు నోటితో చేసేవాడు అన్నాడు ఆ మాట. అమ్మ వాణ్ణి ఒక దెబ్బ కొట్టింది. వాడు కదలకుండా నిలబడ్డాడు. నాయన బీడీ నలిగిపోయి పొగాకు ఆయన ఒళ్ళో రాలింది. "వాడే వద్దంటే నేనేం జేసేది" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. బతికినన్నాళ్ళూ ఎవరడిగినా అదే చెప్పాడు, నేను పంపలేదు, వాడే వద్దన్నాడు అని. అన్న ఎప్పుడూ కాదనలేదు. ఒకసారి, పెద్దయ్యాక, నేను అడిగాను, నిజంగానే చదువు మీద మనసు లేదా అని. "ఆ పొద్దు, అమ్మ మాటిచ్చినావంటే, నాయన నోరు తెరిచినాడు గదే" అన్నాడు. ఇప్పుడు వాడికి సొంత మంద ఉంది. ఎండాకాలం వస్తే నెలల తరబడి కాలవ కిందే.

ఆ నీలం గుడ్డ కొన్నాళ్ళు పెట్టెలోనే ఉంది. తర్వాత అమ్మ దాంతో నాకు బడి లంగా కుట్టించింది. నేను ఎదుగుతాను కదా అని అంచు లోపలికి బాగా మడిచి కుట్టమంది. ఏటా బడి తెరిచే ముందు కూచుని ఒక్కొక్క కుట్టూ తెంపి ఆ మడత విప్పేది. విప్పినచోట గుడ్డ కొత్తగా, ముదురు నీలంగా ఉండేది.